ఉగాది స్టేజీకి డెల్ఫ్ట్ నీలం టైల్స్ క్విల్ట్: ఎవరు ఏ టైల్ కుడుతున్నారు?

డెకరేషన్ టీమ్:
అందరికీ నమస్తే. వాట్సాప్ గ్రూపులో రాస్తే పచ్చడి లెక్కల మధ్య కొట్టుకుపోతోంది కాబట్టి ఇక్కడ విడిగా పెడుతున్నా. మనకి ఉగాదికి హాలు తక్కువ అద్దెకి ఇస్తున్న ఇక్కడి డచ్ సెంటర్ వాళ్ళకి ఈసారి పూలగుత్తీ చాక్లెట్ డబ్బా కాకుండా మన చేతుల్తో కుట్టిన చిన్న క్విల్ట్ (మన బొంతలా పొరలు కలిపి కుట్టేది) ఒకటి ఇద్దామని కమిటీలో అనుకున్నాం. ఉగాది రోజు స్టేజీ పక్కన వేలాడుతుంది, ప్రోగ్రాం అయ్యాక వాళ్ళ చేతికిస్తాం.

నెదర్లాండ్స్‌లో, నీలం తెలుపు మట్టి సామానుకి పేరున్న డెల్ఫ్ట్ ఊరి పక్కనే ఉంటూ డిజైన్ కోసం ఎక్కడికో వెతుక్కుంటూ పోవడం ఎందుకు, ఆ నీలం తెలుపు టైల్స్‌నే తీసుకుందాం. పెద్ద కూజా, తులిప్ స్టాండు, పళ్ళెం లాంటివి వద్దని ముందే చెప్తున్నా, ఎందుకంటే ఆ ఒంపులన్నీ గుడ్డ మీద ముడతలు లేకుండా తిప్పాలంటే చేయి తిరిగినవాళ్ళు కావాలి, అది ఒక్కరి మీదే పడుతుంది. టైల్ అయితే చదరం. పాత డచ్ టైల్ ఒకటి దాదాపు 13 సెంటీమీటర్లు ఉంటుంది. అదే కొలత పెట్టుకుని అడ్డానికి నాలుగు, నిలువుకి నాలుగు, మొత్తం 16. చుట్టూ 6 సెంటీమీటర్ల అంచు కలిపితే 64 సెంటీమీటర్ల చదరం. ఒక్కొక్కరు ఒక్కో టైల్ ఇంట్లో కూర్చుని కుట్టుకోవచ్చు, ఒకరిది బాగా రాకపోయినా మిగతా పదిహేనూ ఆగవు.

గుడ్డ నేనే కత్తిరించి ఇస్తాను, 16 సెంటీమీటర్ల ముక్కలు. కుట్టాక గుడ్డ కొంచెం లోపలికి లాక్కుంటుంది, అందుకని ఎక్కువ ఉంచాను. చివర్లో అన్నీ 14.5కి సమంగా కోసి కలుపుతా, కాబట్టి దయచేసి ఎవరూ ఇంట్లో అంచులు కత్తిరించకండి. మరీ తళతళలాడే తెలుపు కాకుండా పాల తెలుపు తీసుకున్నా. డెల్ఫ్ట్ సామాను నిజానికి పింగాణీ కాదు, మామూలు మట్టి మీద తగరం కలిపిన తెల్లటి గ్లేజు (గాజులాంటి పూత), ఆ తెలుపులో ఒక మెత్తదనం ఉంటుంది.

దారం విషయంలో మాత్రం ఎవరి దగ్గరున్న నీలం వాళ్ళు వాడతామంటే కుదరదు. డీఎంసీ దారాల కంపెనీ వాళ్ళ రంగుల కార్డులో డెల్ఫ్ట్ నీలం పేరుతోనే షేడ్లు ఉన్నాయి: 798 ముదురు, 799 మధ్యస్థం, 800 లేత. గీతలకి మాత్రం 820, ఇంకా చిక్కటి నీలం. డెల్ఫ్ట్‌లో కుంచె పనివాళ్ళు ముందు ముదురు గీత గీసి తర్వాత పల్చటి రంగు నింపేవాళ్ళు, మనం కూడా ముందు 820తో కాడకుట్టు, తర్వాత లోపల 799, 800తో అక్కడక్కడా రన్నింగ్ కుట్టు. నిండుగా నింపొద్దు. టైల్ అందమంతా ఖాళీ తెలుపులో ఉంది, మధ్యలో చిన్న బొమ్మ, నాలుగు మూలల్లో చిన్న చిన్న గుర్తులు, అంతే. మనవాళ్ళకి ఖాళీ కనిపిస్తే ఒక పువ్వు పెట్టకుండా ఉండలేరు, అక్కడే నాకు టెన్షన్.

బొమ్మ గుడ్డ మీదకి దింపడం మీలో సగం మందికి తెలిసిన పనే. బ్లౌజు మగ్గం వర్కుకి ట్రేసింగ్ పేపర్ మీద సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి గుడ్డతో రుద్దుతారు కదా. డెల్ఫ్ట్ వాళ్ళదీ ఇదే పద్ధతి, చిల్లుల కాగితం మీద బొగ్గు పొడి మూట కొట్టి, టైల్ మీద పడ్డ చుక్కల వెంట కుంచె నడిపేవాళ్ళు. మనం కిరసనాయిలు జోలికి పోకుండా నీలం చాక్ పొడి వాడి, పైన నీళ్ళకి పోయే పెన్నుతో గీద్దాం. ఒక్క జాగ్రత్త: ఆ పెన్ను గీత చల్లటి నీళ్ళలో పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళొద్దు, వేడి తగిలితే గీత అలాగే పట్టేసుకుంటుంది.

వంటల టీమ్:
వదినా, నాకు బొత్తాం కుట్టుకోవడమే గగనం, నాకు టైల్ ఇవ్వకు. కానీ ఒక మాట అడుగుతా ఏమనుకోకు. వాళ్ళ ఊళ్ళో దొరికే డిజైన్ మళ్ళీ వాళ్ళకే ఇస్తే ఏం బాగుంటుంది? మనది మనం పెట్టుకోవాలి కదా, కలంకారీ గుడ్డ కొని చుట్టూ కుట్టేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది.

డెకరేషన్ టీమ్:
అనుకోవడానికి ఏముంది, ఇది ఎవరో ఒకరు అడుగుతారనే చూస్తున్నా. టైల్ పద్ధతి వాళ్ళది, బొమ్మలు మనవి. 17వ శతాబ్దం నుంచీ పిల్లల ఆటల టైల్స్ చేశారు వాళ్ళు, బొంగరం తిప్పే పిల్లాడు, గాలిపటం ఎగరేసేవాడు, కర్రకాళ్ళ మీద నడిచేవాడు, ఇలా. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లో ఫోటోలు ఉచితంగా పెద్ద సైజులో దిగుతాయి, ఒకసారి చూడండి. వాటి పక్కనే మన తొక్కుడుబిళ్ళ, గోలీలు, కర్రాబిళ్ళ, దాగుడుమూతలు పెడితే వాళ్ళకీ వెంటనే అర్థమవుతుంది, మనకీ సొంతంగా ఉంటుంది. మూలల్లో వాళ్ళు వేసే ఒక గుర్తు పేరు ఎద్దుతల. దాన్ని చూస్తే నాకు గంగిరెద్దే గుర్తొచ్చింది, రెండు టైల్స్‌కి అదే పెడుతున్నా.

అసలు ఆ నీలం తెలుపు కూడా వాళ్ళకి చైనా నుంచి వచ్చిందే. డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో చైనా పింగాణీ దిగుతుంటే అందరూ ఎగబడి కొన్నారు, అక్కడ మింగ్ రాజ్యం 1644లో కూలిపోయి సరుకు రావడం తగ్గాక డెల్ఫ్ట్ వాళ్ళు తమ మట్టితోనే అలాంటివి చేసి అమ్ముకున్నారు. ఆ కంపెనీయే 1605 నుంచీ మన మచిలీపట్నంలో బట్టలు కొనేది. కోరమాండల్ తీరం పూల గుడ్డలు ఇక్కడికొచ్చి డచ్‌లో ‘సిట్స్’ అనే పేరుతో పిలవబడ్డాయి, లేవార్డెన్ ఊళ్ళో ఫ్రీస్ మ్యూజియంకి వెళ్తే ఆ పాత జాకెట్లూ గౌన్లూ కనిపిస్తాయి. కాబట్టి నువ్వన్న కలంకారీ ఉంటుంది, కానీ ముందు కాదు, వెనక. ఎరుపూ గోధుమా ముందు పెడితే లేత నీలం కంటికి ఆనదు.

మచిలీపట్నం కోడలు:
అక్కా, పెడన కలంకారీ గుడ్డ రెండు మీటర్లు మా ఇంట్లో ఉంది, అత్తయ్యగారు వచ్చేటప్పుడు తెచ్చారు. అది నేనిస్తా. ఆవిడ బొంతలు కుట్టిన మనిషి, ఈ మెసేజ్ చదివి వినిపిస్తే మొదటి ప్రశ్న, లోపల ఏం వేస్తున్నారు అని. షాపులో దొరికే దూది పొర అన్నాను. అంత చిన్నదానికి డబ్బులెందుకు, మెత్తబడ్డ పాత చీర రెండు మడతలు వేస్తే చాలదా అంటున్నారు. ఆవిడ ఇక్కడ మూడు నెలలు ఖాళీగానే ఉంటారు, పొరలు కలిపి కుట్టే పని మొత్తం తనకే ఇమ్మంటున్నారు.

డెకరేషన్ టీమ్:
అమ్మగారికి నా దండాలు చెప్పు! ఆవిడ చెప్పిందే రైటు. దూది పొర వేస్తే ఉబ్బెత్తుగా వస్తుంది, టైల్ చదునుగా ఉంటేనే టైల్‌లా కనిపిస్తుంది. కాకపోతే చీర రంగు పైన తెలుపులోంచి తొంగిచూస్తుంది కాబట్టి చీర కాకుండా పాత తెల్ల పంచె వేద్దాం, జరీ అంచు తీసేసి. ఎవరింట్లోనైనా ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ఉంటే చెప్పండి. కలంకారీ మాత్రం ఉప్పునీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు జాడించి, తడిగా ఉండగానే ఒక తెల్ల గుడ్డ మీద నొక్కి చూడమ్మా. కొంచెం రంగు దిగినా ఇంకోసారి జాడించాలి. తెలుపు మీద ఎర్ర మరక పడితే ఇక చేయగలిగిందేమీ లేదు.

పొరలు కలిపేటప్పుడు కుట్టు టైల్‌కీ టైల్‌కీ మధ్య గీతల్లోనే వేయమని చెప్పు, బొమ్మల మీదకి రాకూడదు. ఆ గీతలకి లేత బూడిద రంగు దారం, టైల్స్ మధ్య సున్నం పూసినట్టు. ఇంకోటి, పాత టైల్స్‌ని దగ్గరగా చూస్తే మూలల్లో సూదిమొనంత చిల్లులుంటాయి. పచ్చి పలకని చదరంగా కోయడానికి పైన పెట్టే చెక్కకి ఉండే మేకుల గుర్తులవి. మనం ఎదురెదురు మూలల్లో ఒక్కో ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి) వేద్దాం, తెలిసినవాళ్ళు చూసి సంబరపడతారు.

పిల్లల ప్రోగ్రాం:
నా దగ్గర పదేళ్ళు దాటిన పిల్లలు ఉన్నారు, వీళ్ళకి కూడా ఏదైనా పని ఇవ్వండి. చివర్లో స్టేజీ ఎక్కించి ఫోటో తీయడం కాదు, నిజంగా చేసే పని.

డెకరేషన్ టీమ్:
చిల్లులు పొడవడం వాళ్ళకే. కింద మందపాటి ఫెల్ట్ ముక్క పెట్టుకుని, సూదిని పెన్సిల్ రబ్బరులో గుచ్చి పట్టుకుంటే వేలికి తగలదు. చుక్కకీ చుక్కకీ రెండు మిల్లీమీటర్ల దూరం, మరీ దగ్గరగా పొడిస్తే కాగితం గీత వెంట చిరిగిపోతుంది. బొమ్మలు కూడా వాళ్ళనే గీయమనండి, ఒంకర ఉన్నా పర్వాలేదు, ఆ పాత టైల్స్‌లో ఏ ఇద్దరు పిల్లల మొహాలూ ఒకేలా లేవు.

ట్రెజరర్:
నువ్వు పంపిన ఖర్చుల లిస్టులో దారాలు, పెన్నులు, కర్ర. ఇంతేనా? కర్ర ఎందుకు? గోడకి మేకు కొట్టనివ్వరు, ఒప్పందంలో రాసుంది.

డెకరేషన్ టీమ్:
కర్ర వేలాడదీయడానికే అన్నయ్యా. వెనక పైఅంచున 10 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలా పట్టీ కుట్టి అందులో దూర్చి, డ్యాన్సు బ్యాక్‌డ్రాప్ స్టాండుకే కట్టేస్తాం, మేకులు అక్కర్లేదు. గుడ్డ మాత్రం ఇందులో కలపలేదు, అది నా వైపు నుంచి. బిల్లులు ఫోటో తీసి నీకే పంపుతా.

వంటల టీమ్:
సరే వదినా ఒప్పుకున్నా. కుట్టలేను గానీ వెనక అతికించే చీటీ నేను రాస్తా, డచ్‌లో ఒకటి, తెలుగులో ఒకటి. నా చేతిరాత బాగుంటుందని నీకూ తెలుసు.

డెకరేషన్ టీమ్:
చీటీ నీదే. గుడ్డ మీద రాయాలి, కాగితం కాదు, చెరగని ఇంకు పెన్ను నేనిస్తా.

ఇక టైల్స్. గోలీలు, బొంగరం, కర్రాబిళ్ళ, గంగిరెద్దు రెండూ ఇచ్చేశాను. వామనగుంటలు మచిలీపట్నం అమ్మగారే కుడతారట. గాలిపటం కోసం ఇద్దరు పోటీ పడుతున్నారు, ఒకరు దాగుడుమూతలు తీసుకుంటే గొడవ ఉండదు. మిగిలినవి తొక్కుడుబిళ్ళ, అష్టాచెమ్మా, ఉయ్యాల, చెమ్మచెక్క, బొమ్మల పెళ్ళి, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, గుజ్జనగూళ్ళు. పేరు కింద రాసేయండి, ముందు రాసినవాళ్ళకి ముందు. శనివారం తెలుగు బడి అయ్యాక గుడ్డ, దారం, చిల్లుల కాగితం అన్నీ ఒక కవర్లో పెట్టి ఇస్తాను. ఉగాదికి మూడు వారాల ముందు వచ్చే శనివారం లోపు తిరిగిచ్చేయాలి, సగం అయినా సరే తెచ్చివ్వండి, మిగతాది ఎవరో ఒకరం కూర్చుని పూర్తి చేస్తాం.

మచిలీపట్నం కోడలు:
అక్కా, అత్తయ్యగారికి కళ్ళజోడు పెట్టుకున్నా సన్న సూదిలో దారం ఎక్కడం లేదు. కన్ను పెద్దగా ఉండే సూది ఒకటి కూడా మా కవర్లో వేయవా.