జెనోగ్రామ్ గీశా, ప్రశ్నలు రాసుకెళ్లా, మూడో సిట్టింగూ అరుపులతోనే అయిపోయింది

ఎర్రమట్టి:
నాలుగు గంటల్నుంచి ఇదే కాగితం ముందేసుకు కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. కౌన్సెలింగ్ డిప్లొమా ప్రాక్టికల్ కింద విశాఖలో గాజువాక వైపు ఒక కుటుంబాన్ని చూస్తున్నా (ఆనవాలు దొరక్కుండా వివరాలు మార్చాను). అత్తగారు, కొడుకు, కోడలు, ఆరేళ్ల పాప. "ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు" అని వచ్చారు. మూడు తరాల జెనోగ్రామ్ (ఇంటివాళ్లనీ వాళ్ల సంబంధాల్నీ గుర్తులతో చూపే పటం) గీశా. సర్క్యులర్ ప్రశ్నలు (ఒకరి తీరు ఇంకొకరి మీద ఎలా పనిచేస్తుందో రాబట్టేవి) పన్నెండు రాసుకెళ్లా. రెండో ప్రశ్నకే అత్తగారు అందుకుంటారు, అబ్బాయి అరుస్తాడు, కోడలు నేల చూపులు చూస్తుంది. మూడుసార్లూ ఇదే తంతు. గురువారం పొద్దున్న పదింటికి నాలుగోది. ఏ ప్రశ్నతో మొదలెట్టాలో చెప్పండి చాలు. "ఓపిగ్గా వినండి" అని మాత్రం అనొద్దు, వింటూనే ఉన్నా.

గీతల మాస్టారు:
జెనోగ్రామ్ సరిగ్గా గీశారా అన్నది ముందు తేలాలి. చాలామంది వంశవృక్షం గీసి జెనోగ్రామ్ అనుకుంటారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, ఎవరి గురించి వచ్చారో వారికి జంట గీత. వయసు బొమ్మ లోపల. పోయినవారికి బొమ్మలో ఇంటూ గుర్తు. పెళ్లి గీత మీద పెళ్లయిన సంవత్సరం. విడిగా ఉంటే ఏటవాలు గీత ఒకటి, విడాకులైతే రెండు. పిల్లలు పెద్ద నుంచి చిన్నకి, ఎడమ నుంచి కుడికి. సంబంధాల గీతలు వేరు: మూడు సమాంతర గీతలంటే అతి దగ్గరితనం, రంపపు పళ్ల గీత అంటే తగువు. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ల చుట్టూ చుక్కల గీత, ఇది చాలామంది మర్చిపోతారు. మామగారి బొమ్మ పక్కన పోయిన సంవత్సరం వేశారా? ఆ సంవత్సరాన్నీ, తగువులు మొదలైన సంవత్సరాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్యామిలీ థెరపీ సిద్ధాంతకర్త బోవెన్ త్రికోణం అన్నది ఊరికే కాదు: ఇద్దరి మధ్య ఒత్తిడి తట్టుకోలేనంత అయితే మూడోవాళ్లని లోపలికి లాగుతారు.

కట్టెకొట్టెతెచ్చె:
కోడలితో ఒంటరిగా మాట్లాడారా?

ఎర్రమట్టి:
లేదండీ. ఫ్యామిలీ థెరపీ కదా, అందరూ గదిలో ఉండాలి అనుకున్నా. ఒక్కరితో విడిగా మాట్లాడితే వాళ్ల పక్షం అనుకోరా? తటస్థంగా ఉండాలని పాఠంలో ఉంది.
మాస్టారూ, మామగారి సంవత్సరం వేయలేదు. వేస్తా.

మాటల మూట:
ఒక్క మాట. మీరు చేస్తున్నది ఫ్యామిలీ థెరపీ కాదు, ఫ్యామిలీ కౌన్సెలింగ్. మన దగ్గర ఈ రెండూ, "రాజీ కుదర్చడం"తో కలిపి మూడూ, ఒకే గంపలో వేసేస్తారు. రాజీలో మధ్యవర్తికి ఫలితం ముందే తెలుసు: మళ్లీ కలిసి కాపురం చెయ్యడం. థెరపీలో ఆ ఫలితం మనది కాదు, వాళ్లది. "తప్పెవరిదో మీరే చెప్పండి మేడమ్" అని అత్తగారు అన్నప్పుడు మీరేం చెప్పారు? అక్కడ తీర్పు చెప్పి ఉంటే ఆ రోజు నుంచి మీరు పంచాయితీ పెద్దే.

కట్టెకొట్టెతెచ్చె:
పేర్లు తర్వాత. ఇంట్లో కొట్టడం ఉందా?

ఎర్రమట్టి:
పెద్దగా ఏం లేదు. రెండేళ్ల కిందట ఒకసారి గొంతు పట్టుకున్నాడట. అత్తగారే చెప్పారు, అదీ నవ్వుతూ. కోడలు ఏమీ అనలేదు. పాతది కదా అని ఇక్కడ రాయలేదు.
ఇంకో సంగతి, అబ్బాయి ప్లాంటులో సి షిఫ్ట్ దిగి తిన్నగా వస్తాడు. ఆ రోజే కుదురుతుందన్నాడు.

తాటిచెట్లపాలెం:
ఏటండీ బాబూ! రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా డ్యూటీ చేసినోడ్ని పదింటికి కూకోబెడితే కుర్చీలో తూలతాడు, తూలకపోతే తగువాడతాడు. టైము మార్చండి ముందు.

కట్టెకొట్టెతెచ్చె:
టైము కాదు, గురువారం కలిపి కూర్చోబెట్టడమే ఆపండి. గొంతు పట్టుకోవడం "పెద్దగా ఏం లేదు" కాదు. ప్రాణం మీదకొచ్చే గుర్తుల్లో అది ముందు వరసలోది. ఈరోజే మీ సూపర్‌వైజర్‌కి చెప్పండి.

ఉప్పుగాలి:
పై మాటే కొంచెం విడమర్చి రాస్తా. ఆ గదిలో కోడలు నేల చూపులు చూస్తుంటే మీరది "సహకరించడం లేదు" అనుకున్నారు. గదిలో చెప్పిన ప్రతి మాటకీ ఇంటికెళ్లాక ఆమె లెక్క చెప్పుకోవాలి. అందుకే ఏ సర్క్యులర్ ప్రశ్నా పనిచెయ్యదు, ప్రశ్న బాగోలేక కాదు.

గురువారం ముగ్గుర్నీ పిలవండి, కానీ "అందరితో విడివిడిగా మాట్లాడడం మా పద్ధతి" అని ముందే ఒకేలా చెప్పండి. ఒక్క కోడలినే విడిగా పిలిస్తే అనుమానం ఆమె మీదకి పోతుంది. మనిషికి ఇరవై నిమిషాలు. పాపకి వేరే గది, బొమ్మలూ రంగులూ. మూడు సిట్టింగులూ పాప అక్కడే ఉందా? ఉంటే అదొక్కటే చాలు, ఇంకా ఎక్కడ తప్పు జరిగిందో వెతకక్కర్లేదు. తలుపు వేసుకుంటుందో లేదో, మాటలు బయటికి వినిపిస్తాయో లేదో మీరే ఒకసారి బయట నిలబడి చూసుకోండి. ప్లైవుడ్ పార్టిషన్ గదులైతే గుసగుస కూడా వినిపిస్తుంది.

కోడలిని "మీ ఆయన కొడతాడా?" అని అడిగితే "లేదు" అంటుంది. మెట్లు మెట్లుగా అడగండి. గొడవ బాగా ముదిరితే ఏమవుతుంది? అరుపులా? వస్తువులు విసరడమా? తోయడమా? చెయ్యి చేసుకోవడమా? గొంతు మీద ఎప్పుడైనా చెయ్యి పడిందా? అప్పుడు ఊపిరి అందిందా? గొంతు బొంగురుపోయిందా, మింగడం కష్టమైందా? ఆఖరిసారి ఎప్పుడు? ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా? ఫోన్ ఎవరు చూస్తారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు రాకుండా ఆమెకి ఒక్క మెసేజ్ కూడా పెట్టొద్దు, అపాయింట్‌మెంట్ మెసేజ్ అయినా సరే.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. అవునంటే ఇంట్లో పురుగుల మందు, మాత్రల డబ్బా ఎక్కడుంటాయో అడగాలి, ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది. మహిళా హెల్ప్‌లైన్ 181, తక్షణ ప్రమాదానికి 112. చినవాల్తేరు మానసిక వైద్యశాలకి పంపాలా, పెద్ద సర్కారీ ఆసుపత్రి కేజీహెచ్‌కా అన్నది మీ సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ గదిలో వెతుక్కుంటూ కూర్చోకూడదు.

ఇంకొకటి, విడిగా చెప్పిన రహస్యాన్ని ఏం చేస్తారో మొదటి నిమిషంలోనే చెప్పెయ్యండి. "మీ అనుమతి లేకుండా మిగతావాళ్లకి చెప్పను. ప్రాణానికి ముప్పు, పాప మీద హింస ఉంటే మాత్రం దాచను." ఇది చెప్పకుండా విన్న రహస్యం మీ మెడకే చుట్టుకుంటుంది.

మాటల మూట:
ఉప్పుగాలి గారు బాగా చెప్పారు. తటస్థత సంగతి మాత్రం తేల్చాలి. 1980లో ఇటలీ ఫ్యామిలీ థెరపిస్టుల మిలాన్ బృందం రాసిన తటస్థత అంటే మొహం బిగించుకుని కూర్చోవడం కాదు. 1987లో వాళ్లలోనే ఒకడైన చెక్కిన్ దాన్ని "కుతూహలం" అని తిరగరాశాడు. కాబట్టి మీ పాఠంలో ఉన్నది సగం మాటే.

గీతల మాస్టారు:
అయితే గృహహింస చట్టంలో కౌన్సెలింగ్ ఎందుకు పెట్టారు మరి? 2005 చట్టం 14వ సెక్షన్‌లో విడిగా గానీ కలిపి గానీ అని స్పష్టంగా ఉంది.

కట్టెకొట్టెతెచ్చె:
అది మెజిస్ట్రేట్ పంపే కౌన్సెలింగ్. ఆ చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల్లో 14వది కూడా చదవండి. హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడం దాని స్వభావం. "ఆమె నోరు జారింది, అందుకే కొట్టా" లాంటి సమర్థన అక్కడ చెల్లదు. ఎర్రమట్టి గారి గదిలో మూడుసార్లూ నడిచింది ఆ సమర్థనే.

గీతల మాస్టారు:
చదివా. అయినా కలిపి కూర్చోబెట్టడమే తప్పు అన్నట్టు రాయకండి. ఫ్యామిలీ థెరపిస్ట్ మినూచిన్ పద్ధతిలో కుర్చీలు మార్చడమే సగం పని. అబ్బాయి తల్లికీ భార్యకీ మధ్యలో కూర్చుంటే తల్లిని మీ పక్క కుర్చీలోకి పిలిచి, భార్యాభర్తల్ని ఎదురెదురుగా పెట్టి "పాప స్కూలు ఫీజు గురించి ఇద్దరూ మాట్లాడుకోండి" అని ఐదు నిమిషాలు వదిలితే చాలా తెలుస్తుంది.

ఉప్పుగాలి:
తెలుస్తుంది మాస్టారూ, భయం లేని ఇంట్లో. ఇక్కడ ఆ ఐదు నిమిషాలకి రాత్రి బదులు చెప్పుకునేది ఆమె. భయం లేదని విడిగా తేలాక అదే చెయ్యండి, నేనూ అదే చేయమంటా. అప్పుడు కూడా సర్క్యులర్ ప్రశ్న చిన్నదై ఉండాలి. "అత్తగారు అన్నం మానేస్తే ఇంట్లో ముందు ఎవరికి తెలుస్తుంది? అప్పుడు ఆయనేం చేస్తారు?" ఇలా. పన్నెండు ప్రశ్నలు రాసుకెళ్తే మీ కళ్లు కాగితం మీదే ఉంటాయి. మూడు చాలు.

కొత్తమనిషి:
మధ్యలో వస్తున్నా, సారీ. ఈ డిప్లొమా చేస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చా?

మాటల మూట:
కుదరదు. దానికి వేరే చదువు, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉండాలి. కౌన్సెలర్ అని పెట్టుకోండి. ఇక్కడ కూడా పేరు ముఖ్యమే, చూశారా.

తాటిచెట్లపాలెం:
టైము మార్చమన్నా, అది ఎవరూ పట్టించుకోలే.

ఎర్రమట్టి:
సూపర్‌వైజర్‌తో ఇప్పుడే మాట్లాడా. గురువారం సాయంత్రం ఐదింటికి, విడివిడిగా. పాప మూడుసార్లూ గదిలోనే ఉంది, అవును. ప్రశ్నల కాగితం పక్కన పెట్టేశా. థాంక్సండీ.

గీతల మాస్టారు:
జెనోగ్రామ్ పక్కన పెట్టకండి. మామగారి సంవత్సరం?