పల్నాడు, మన్యాల్లో తుపాకులు తగ్గింది బలగాల వల్లా, రోడ్ల వల్లా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల పేటల పేర్లతో రాశాం.)

పటమట: 2025 నవంబరు 18న మారేడుమిల్లి దగ్గర మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయిన రోజే మన విజయవాడ పక్క కానూరులో మావోయిస్టులు పట్టుబడ్డారు. దాంతో పాత వాదన మళ్లీ లేచింది. డబ్బు బలగాలకు పెట్టాలా, అభివృద్ధికా? నా ఓటు బలగాలకే. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ పెట్టకపోతే నల్లమల చేజారేది.

నరసరావుపేట రోడ్డు: బలగమంటే తుపాకుల లెక్క కాదండీ. గ్రేహౌండ్స్ పద్ధతి చూడండి. కచ్చితమైన కబురు అందాకే చిన్న జట్టు అడవిలో దిగుతుంది, జీపులో కాదు, కాలినడకన. ఆ కబురు కూర్చింది పోలీసు నిఘా విభాగం ఎస్‌ఐబీ, ఏళ్ల తరబడి. అదే జట్టు పొరుగునున్న ఒడిశాలో ఇరుకు నీళ్ల మీద ఒకే లాంచీలో వెళ్తే ఏమైందో 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో చూశాం. గుట్ట మీంచి కాల్పులు, 38 మంది పోయారు. ముందు సమాచారానికి ఖర్చు పెట్టాలి, ఆయుధాలు ఆ తర్వాత.

పటమట: మరి రోడ్లతో పనే లేదంటారా?

చుట్టుగుంట: ఎందుకు లేదు? మట్టిరోడ్డు కింద మందుపాతర పెట్టి కప్పేస్తే తెల్లారేసరికి ఆనవాలుండదు. తారు తవ్వితే అతుకు కనబడుతుంది. కల్వర్టులే బెడద. తూముల నోటికి ఇనుప జాలీ బిగించాలి, కానీ వానలకు ముందు చెత్త తీయకపోతే నీళ్లు ఎగదన్ని రోడ్డే కొట్టుకుపోతుంది. బండ్లు కదిలేముందు నడక జట్టు ప్రతి తూమూ చూసుకుంటూ పోవాలి. ఇక మావోయిస్టులు జేసీబీలు తగలబెడతారని టెండర్లు పడవు. పనిని చిన్న ముక్కలు చేసి, ముందు కాపలా పెట్టి, ఆ తర్వాతే యంత్రాలు దించాలి. ఈ వరస తిరగబడితే శంకుస్థాపన రాయి దగ్గరే పని ఆగిపోతుంది.

అరండల్‌పేట: రాజకీయ స్థిరత్వం మాట మరిచారు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు ముందు మావోయిస్టు నాయకులు మన గుత్తికొండ బిలం దగ్గర జనం మధ్యకే వచ్చారు. ఆయుధాలతో ఊళ్లలో తిరగడం, భూముల పంపకం, ఆ చర్చల్లో రెండూ తెగలేదు. 2005 ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే హత్య, వెంటనే మావోయిస్టు పార్టీపై మళ్లీ నిషేధం. ఆ ముందూ వెనకా ప్రభుత్వాలు మారినా గ్రేహౌండ్స్‌ను రద్దు చేయలేదు, లొంగుబాటు పునరావాసం ఆగలేదు. స్థిరత్వమంటే నేనది అంటాను.

నరసరావుపేట రోడ్డు: ఒప్పుకుంటా, కానీ అది చాలదు. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టులో అరకు ఎమ్మెల్యేని చంపినప్పుడు ప్రభుత్వం స్థిరంగానే ఉంది. అక్కడ అసలు కొరత అడవి భూముల పట్టాలు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి 4 హెక్టార్ల దాకా హక్కు. గ్రామసభ తీర్మానం డివిజన్ కమిటీకి, అక్కణ్నుంచి జిల్లా కమిటీకి వెళ్లాలి. కాదంటే 60 రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కరణ కాగితం చేతికి ఇవ్వకపోతే ఆ గడువు మొదలైందనే రైతుకు తెలియదు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆ కాగితాన్ని కారణంతో సహా తెలుగులో రాసి, సంతకం తీసుకుని ఇవ్వాలి. దీనికి పైసా బడ్జెట్ అక్కర్లేదు.