అనప చేలో పచ్చ కంపుపురుగు: నెజారానేనా?

బెంగళూరు పక్క హోసకోటెలో అనప చేను, కాయల్లో గింజ పడే దశ. దొరికిన పచ్చ కంపుపురుగుల పొడవు 13 మిల్లీమీటర్లు. వీపు మీది ముక్కోణపు పలక పైఅంచున వరసగా మూడు తెల్లచుక్కలు, ఆ రెండు మూలల్లో చెరో నల్లచుక్క. కడుపు కింద ముందుకు పొడుచుకొచ్చే ముల్లు లేదు గనుక పీజోడోరస్ అనే మరో రకం కంపుపురుగు కాదు. పచ్చ కంపుపురుగుల్లో ఒక జాతి అయిన నెజారా విరిడులా అనే అనుకుంటున్నాను. కానీ వీటిలో రెండు పురుగులకు చుక్కలు మరీ మసక. దాన్ని పోలిన అక్రోస్టెర్నమ్ అనే ఇంకో పచ్చ కంపుపురుగు కలిసిందేమో! రొమ్ము కింద వాసన గ్రంథి గాడి నెజారాకు పొట్టిగా ఉంటుంది కదా, అది తేల్చడానికి 10 రెట్ల భూతద్దం చాలుతుందా? ఆల్కహాల్‌లో పచ్చరంగు వెలిసిపోతుందని ముందే పైనా కిందా ఫోటోలు తీసి పెట్టాను. చీటీ మీద తేదీ, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, పంట రాశాను. ఇంకేం రాయాలి? మసక చుక్కల రెండింటినీ పలకకు కుడిపక్క సూది గుచ్చి ఆరబెట్టమంటారా, సీసాలోనే ఉంచమంటారా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.