కాన్‌స్టంటైన్ నాణెం వెనక సూర్యుడేంటి?

ప్రశ్న: రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కంచు నాణెం ఒకటి చూస్తున్నా, ముందు ఆయన తల ఉంది, వెనక కిరణాల కిరీటం పెట్టుకున్న దేవుడు కుడి చెయ్యి పైకెత్తి ఎడమ చేతిలో గోళం పట్టుకుని నిలబడ్డాడు. ఈయన 312లోనే క్రైస్తవం వైపు మళ్ళాడంటారు కదా, మరి ఈ దేవుడెవరండీ? అడుగున పీటీఆర్ అని కూడా ఉంది.

జవాబు: సోల్ అండి, రోమన్ల సూర్యుడు. చుట్టూ 'సోలి ఇన్విక్టో కోమిటి' అని ఉండాలి చూడండి, అంటే 'అజేయుడైన తోడు సూర్యుడికి' అని. పీటీఆర్ అంటే ఇప్పటి జర్మనీలోని ట్రియర్ టంకశాల, మొదటి వర్క్‌షాప్. 312లో రోము దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచాక కూడా కంచులో దాదాపు 318 దాకా ఇవి కొడుతూనే ఉన్నారు, రాజు మనసు మారగానే మర్నాటికి అచ్చులు మారిపోవుగా!

ఇంకో జవాబు: క్రైస్తవ గుర్తు కావాలంటే 327లో కాన్‌స్టాంటినోపుల్లో కొట్టింది ఉంది, పామును గుచ్చుతున్న జెండా, దాని కొసన కై-రో (గ్రీకులో క్రీస్తు పేరు మొదటి రెండక్షరాలు కలిపిన గుర్తు), కానీ చాలా అరుదు. కొట్టొచ్చినట్టు కనపడాలంటే తర్వాత రోమన్ సింహాసనం ఆక్రమించిన మాగ్నెంటియస్‌వి చూడండి, 353 ప్రాంతంవి, వెనకంతా కై-రోనే, అటూ ఇటూ ఆల్ఫా ఒమేగా, అంటే గ్రీకు మొదటి, చివరి అక్షరాలు. నాకైతే ఆ సూర్యుడి బొమ్మే అందం.