రాడార్ కొలిచిన వేగాన్ని టోర్నడో రేటింగ్‌లో ఎందుకు కలపరు?

ఓక్లహోమా_తెలుగు:
2013 మే 31న ఇక్కడి ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో వెడల్పు 4.2 కిలోమీటర్లు. అంత వెడల్పైనది ఇంకొకటి నమోదు కాలేదు. దగ్గర్లో బండి మీద ఉన్న మొబైల్ రాడార్‌లో గాలి గంటకు 470 కిలోమీటర్లు దాటింది. టోర్నడో తీవ్రతకు 0 నుంచి 5 దాకా అంకె వేసే ఈఎఫ్ స్కేలులో ముందు ఈఎఫ్5 అన్నారు, ఆగస్టులో ఈఎఫ్3కి దించేశారు. అది ఎక్కువగా పొలాల మీదుగా పోయింది కాబట్టి, అంతకు మించిన నష్టం కనబడలేదట. ఏళ్ల తరబడి టోర్నడోల మీదే పనిచేసిన టిమ్ శామరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ అందులోనే చనిపోయారు. ఆ గాలిని "3" అని రాయడం నాకు మింగుడుపడటం లేదు. మన బంగాళాఖాతంలో గాలి 89 కిలోమీటర్లకు చేరితే చాలు, ఒక్క తాటాకు రాలకముందే తీవ్ర తుపాను అంటారు. మరి దీనికి కూలిన ఇల్లే సాక్ష్యం చెప్పాలా?

కట్టడాల_ఇంజనీర్:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఈ స్కేలు పుట్టిందే నష్టం చూసి. 1971లో షికాగో విశ్వవిద్యాలయంలో ఫుజిటా తయారుచేశారు. 2007లో దాన్ని సవరించి ఈఎఫ్ చేసి, ఇళ్లు, బడులు, చెట్లు అన్నీ కలిపి 28 రకాల ఆనవాళ్లు పెట్టారు. పునాది తప్ప ఏమీ మిగలని ఇంటి దగ్గర సర్వేవాళ్లు వెతికేది బోల్టుల కోసం. గోడ అడుగు చెక్కను కాంక్రీటుకు నట్టూ వాషరూ వేసి గట్టిగా బిగించి ఉంటే గంటకు 320 కిలోమీటర్ల మాట వస్తుంది. ఉత్త మేకులే ఉంటే అంచనా పడిపోతుంది. అమెరికాలో ఏటా దాదాపు 1,200 టోర్నడోలు వస్తాయి, రాడార్ బండి దగ్గరికి చేరేవి ఏ కొన్నో. ఆ కొన్నిటికి ఒక కొలత, మిగతావాటికి ఇంకో కొలత పెడితే 1950 నుంచి ఉన్న టోర్నడో రేటింగుల పట్టిక ఎందుకూ పనికిరాదు. పైగా రాడార్ చూసేది ఇంటి ఎత్తున వీచే గాలిని కాదు, దానికి పైన వీచేదాన్ని.

ఓక్లహోమా_తెలుగు:
ఆ పట్టిక ఇప్పుడు మాత్రం సరిగా ఉందా? 2024 మేలో అయోవాలోని గ్రీన్‌ఫీల్డ్‌లో రాడార్ దాదాపు 500 చూపించింది, రేటింగ్ ఈఎఫ్4. 2013 మే 20న ఇక్కడి మూర్ ఊళ్లో వచ్చిన ఈఎఫ్5 టోర్నడో తర్వాత పన్నెండేళ్లు ఒక్క ఈఎఫ్5 కూడా లేదు. చివరికి 2025 జూన్ 20న నార్త్ డకోటాలోని ఎండర్లిన్ దగ్గర గూడ్స్ రైలు పెట్టెలు ఎగిరిపడ్డాయి. మొదట ఈఎఫ్3 అన్నదాన్ని, అవి ఎగరడానికి ఎంత గాలి కావాలో లెక్కకట్టి అక్టోబరులో 5 చేశారు. రైలు పెట్టె మీ 28లో ఉందా?

డాలస్_అమ్మమ్మ:
బాబూ, ఈ అంకె వేసేది అంతా అయిపోయాక. సైరన్ మోగినప్పుడు అది 3 అవుతుందో 5 అవుతుందో ఎవరికీ తెలియదు. మా ఇంటికి బేస్‌మెంట్ లేదు, మనవలను తీసుకుని కిటికీలు లేని లోపలి గదిలోకి పోతాను. మీ వాదన చదివి "మూడే కదా" అని ఎవరూ బయట నిలబడకండి.

కట్టడాల_ఇంజనీర్:
అమ్మగారి మాటే ముందు. ఇక రైలు పెట్టె సంగతి. అది జాబితాలో లేదు, ఒప్పుకుంటాను. జాబితా పెంచాల్సిందే. అయినా అది కూడా నేల మీద జరిగిన నష్టమే కదండీ! రాడార్ వేగానికి పట్టికలో వేరే గడి పెట్టమనండి, నేనూ సంతకం పెడతాను.

ఓక్లహోమా_తెలుగు:
వేరే గడి అయినా సరే. ఎల్ రీనో వరసలో ఆ 3 పక్కన 470 కూడా కనబడాలి.