ఆరేళ్ల పిల్లాడిని జట్టు ఆటలో చేర్చాం, ఆడకుండా కూర్చుంటున్నాడు: మీ పిల్లలు మొదట్లో ఎలా ఉండేవారు?

బైరాగిపట్టెడ అమ్మ
మా అబ్బాయిని ఈ వేసవి శిబిరంలో ఫుట్‌బాల్‌కు చేర్చాం. ఇంట్లో గోడకేసి బంతి తన్ని సున్నమంతా రాలగొట్టినవాడు, పదిమందితో కలిసి ఆడమనేసరికి ఒక మూల కూర్చుని పుల్లతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. బంతి పక్కనుంచి దొర్లిపోయినా తల ఎత్తడు. ఇంటికి వచ్చాక మాత్రం "రేపు కూడా ఉందా?" అని ఆశగా అడుగుతాడు. ఎండకు నల్లబడుతున్నాడు, మాన్పించమని మా అత్తగారు. ఫీజు కట్టేశాం కదా అని మా వారు. ఈ రెండూ నాకు కారణాలుగా తోచడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొర్లగుంట నాన్న
రేపు ఉందా అని అడిగేవాడిని మాన్పించకండి. మా అమ్మాయి అందరికంటే ఎక్కువ పరుగెత్తేది, కాకపోతే బంతి వెనక కాదు, మైదానంలో తిరిగే కుక్కపిల్ల వెనక. జట్టు చొక్కా మోకాళ్ల కిందికి వేలాడేది, రాత్రి పడుకునేటప్పుడు కూడా విప్పనిచ్చేది కాదు. మొదటి మ్యాచ్‌లో సొంత జట్టు మీదే గోలు వేసి చేతులెత్తి గంతులేసింది. అవతలి జట్టు పిల్లలు వచ్చి కౌగిలించుకున్నారు. బాధపడింది ఒక తండ్రిగారు మాత్రమే. ఆయన సంగతి మళ్లీ చెబుతాను.

పాత డ్రిల్లు మాస్టారు, చిత్తూరు
అమ్మా, బడిలో ఆటలు నేర్పి రిటైరైనవాణ్ణి. మెసానికల్ మైదానంలో ఇలాంటి పిల్లలను ఎందరినో చూశాను. ఈ వయసులో బంతి కనిపిస్తే కొందరు దాని మీదికి గుంపుగా పడతారు, కొందరు ఆ తోపులాట చూసి పక్కకు తప్పుకుంటారు. రెండోవాళ్లకు ఆట రాదని కాదు. ఎవరి చోట వాళ్లు నిలబడి బంతి కోసం చూడటం ఇంకాస్త పెద్దయ్యాక గాని రాదు. ఒక్కో వైపు పదకొండు మందిని దించితే ఆరేళ్లవాడి కాలికి బంతి ఎప్పుడు తగలాలి? నలుగురు నలుగురుగా, చిన్న గీతల మధ్య ఆడించమనండి. గోల్‌కీపరు కూడా అక్కరలేదు.

బంతి ఏదో కూడా చూడండి. పెద్దలు ఆడేది అయిదో సైజు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. మీ వాడికి మూడో సైజు కావాలి. శిబిరాల్లో చాలాసార్లు చిన్నాపెద్దా అందరికీ ఒకటే సంచిలోని బంతులు. పెద్ద బంతి తన్ని కాలు నొప్పి పుడితే పిల్లాడు తన్నడం మానేస్తాడు, మనం భయపడ్డాడంటాం. క్రికెట్‌లోనూ అంతే. మగవాళ్ల తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు, పదమూడేళ్ల లోపు పిల్లలకు 133 నుంచి 144 గ్రాములది వేరే ఉంది. ఆరేళ్లకు అదీ వద్దు, టెన్నిస్ బంతి చాలు. బాస్కెట్‌బాల్ రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కింద బుడ్డవాణ్ణి నిలబెట్టి వెయ్యమంటే వాడికి దక్కేది మెడ నొప్పే.

రేణిగుంట రైలుబండి
మాస్టారు బంతి గురించి చెప్పారు, నేను ఎండ గురించి చెబుతాను. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ఎనిమిదిన్నర తర్వాత కూడా ఆడిస్తుంటే మొహమాటపడకుండా వెళ్లి పిలుచుకొచ్చేయండి. దాహం అని వాళ్లంతట వాళ్లు అడగరు, మధ్యమధ్యలో ఆపి తాగించాల్సిందే. ఖాళీ కడుపుతో పంపకండి, అలాగని నెయ్యి దోసెలు పెట్టి పంపినా కక్కుకుంటారు. మేము రాగి జావ తాగించేవాళ్లం. గంగ జాతర వారంలో సగం మంది పిల్లలు రారు, ఆ వారం మ్యాచ్‌ల ఫలితాలు లెక్కలోకి తీసుకోకండి.

తిరుచానూరు తల్లి
ఆడపిల్లల అమ్మగా ఒక మాట. మా పాప చేరిన ఫుట్‌బాల్ జట్టులో అమ్మాయిలందరినీ వంతులవారీగా గోలు దగ్గరే నిలబెట్టేవారు. ఎందుకని అడిగితే "పరుగెత్తితే దెబ్బలు తగులుతాయి కదండీ" అన్నాడు శిక్షకుడు. ముఖానికి బంతి తగిలేది గోలు దగ్గర నిలబడినవాళ్లకే కదా! ఆ మాట అనేసి ఖోఖోకు మార్చాం.

అక్కడ ఇంకో కథ. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి వరుసగా కూర్చుంటారు, తొమ్మిదో పిల్ల తరుముతుంది. వెనక నుంచి తట్టి "ఖో" అంటే గాని లేవకూడదు. మా పాప ఎవరూ ఖో ఇవ్వకముందే లేచి ఉరికేది. దాంతో పిల్లలు తనకు ఖో ఇవ్వడమే మానేశారు, కూర్చున్నచోటే ఏడుపు. అప్పుడు వాళ్ల మేడమ్ ఒక పద్ధతి పెట్టారు: వరుసలో ప్రతి ఒక్కరికీ ఒకసారైనా ఖో అందేదాకా ఆట ఆగదు. నిబంధనల్లో ఇది లేదు, పెద్దల పోటీల్లో చెల్లదు కూడా. చిన్నపిల్లల ఆటకు ఇంతకంటే మంచి నిబంధన నేను చూడలేదు.

కొర్లగుంట నాన్న
ఇందాకటి తండ్రిగారి సంగతి. గీత బయట నిలబడి "ఎడమకు పో, పాస్ ఇవ్వు, కొట్టు" అని ఒకటే కేకలు. శిక్షకుడు చెప్పేది ఒకటి, ఈయన చెప్పేది ఇంకొకటి. ఆ పిల్లాడు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ బంతిని వదిలేశాడు.

కాళహస్తి కూతగాడు
నేనూ అరిచే తండ్రినే, దాచుకోవడమెందుకు. మా ఊళ్లో కబడ్డీ అంటే చుట్టూ జనం గోల చేయాల్సిందే. నోరు మూసుకుని కూర్చుంటే నాన్నకు నా ఆట పట్టలేదని పిల్లాడు అనుకోడా?

పాత డ్రిల్లు మాస్టారు, చిత్తూరు
అరవండి నాయనా, ఎవరు వద్దన్నారు? పేరు పెట్టి అరవండి, భేష్ అనండి. ఎటు పరుగెత్తాలో మాత్రం చెప్పకండి. కూతకు వెళ్లినవాడికి ఉండేది 30 సెకన్లు. ఆ కాసేపట్లో ఎదురుగా ఉన్న ఏడుగురిని చూసుకోవాలా, మిమ్మల్ని చూసుకోవాలా?

కాళహస్తి కూతగాడు
దీనికి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద చెప్పవచ్చా?

తిరుచానూరు తల్లి
బండి మీద అసలే వద్దండి. వెనక కూర్చున్న పిల్ల దిగి పారిపోలేదు. తనంతట తాను మొదలుపెడితే వినండి. మా పాప ఎక్కువగా చెప్పేది ఎవరి నీళ్ల సీసా మీద ఏ బొమ్మ ఉందో.

బైరాగిపట్టెడ అమ్మ
అందరికీ ధన్యవాదాలు. వెళ్లి చూస్తే అయిదో సైజు బంతే. శిక్షకుడితో మాట్లాడాను, మంచి మనిషి, చిన్నవాళ్లను నలుగురేసి విడగొట్టారు. మా వాడికి బంతి రెండుసార్లు దొరికింది. రెండోసారి చేతుల్లోకి తీసుకుని, ఇది నాది అని ఎవరికీ ఇవ్వలేదు. చిన్న బంతులు మాత్రం మమ్మల్నే తెచ్చుకోమన్నారు.

రేణిగుంట రైలుబండి
మా వాడి మూడో సైజు బంతి అటక మీద ఉంది, వాడిప్పుడు పెద్ద బంతితో ఆడుతున్నాడు. ఆదివారం తిరుపతి వస్తున్నాను, తెచ్చిస్తాను. గాలి మాత్రం మీరే కొట్టించుకోవాలి, మా పంపు సూది విరిగింది.