ఇంటిల్లిపాదీ కలిసి రోబో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి అమ్మ:
బాబు ఆరో తరగతి, పాప రెండో తరగతి. మా ఆయనది సాఫ్ట్‌వేర్, ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. తిన్నాక ఎవరి ఫోన్ వాళ్ళది, అత్తయ్యకి సీరియల్. బాబుని ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులో చేర్పిస్తే నెల తిరక్కుండా మానేశాడు. ఒక్కడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటాడు! దసరా సెలవుల్లో అందరం కలిసి చేసేదేమైనా ఉందా? నేను బీకాం, కోడింగ్ అస్సలు రాదు. వేలు పోసి కిట్ కొంటే అటకెక్కుతుందేమోనని టెన్షన్.

మణికొండ నాన్న:
ముందు కిట్ జోలికి పోకండి. స్క్రాచ్ అని, రంగు దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం చేసే సాఫ్ట్‌వేర్ ఉచితం, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు 2007లో విడుదల చేశారు. పాపకి స్క్రాచ్ జూనియర్ చాలు, చదవకుండా బొమ్మలు జరుపుతూ ఆడుకోవచ్చు. పోటీల సరదా ఉంటే ఫస్ట్ లెగో లీగ్ అనే పిల్లల రోబో పోటీ ఉంది. జట్టుకు 10 మంది దాకా ఉండొచ్చు, బల్ల మీద రోబోకి దొరికేది రెండున్నర నిమిషాలు. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

కుషాయిగూడ తాతయ్య:
అమ్మా, ఇంట్లో కోడింగ్ రాని మనిషి ఒకరు ఉండాల్సిందే. 'ఇదెందుకు?' అని అడిగేది వాళ్ళే.

నేను ఈసీఐఎల్ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో రిటైరయ్యాను. మనవడితో చేసిన బండికి సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాం: ప్రోగ్రాం నడిపే ఆర్డ్యుయినో ఊనో బోర్డు, చక్రాలు తిప్పే రెండు పసుపుపచ్చ బీవో మోటార్లు, వాటికి కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్, ఎదురుగా ఉన్నది కనిపెట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్. 9 వోల్టుల చదరపు బ్యాటరీ అంటగడితే తీసుకోకండి. మోటార్లు లాగే కరెంటుకి అది చాలదు, బోర్డు మాటిమాటికీ ఆగిపోతుంది. ఆ డ్రైవరే దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది కూడా. 18650 అనే రీఛార్జబుల్ సెల్లులు రెండు, హోల్డర్ తీసుకోండి. లిథియం కాబట్టి ఛార్జింగ్ పెద్దవాళ్ళే పెట్టాలి.

ఇక అసలు సంగతి. మావాడు ఓ కంపెనీలో టీమ్ లీడ్. మొదటి ఆదివారమే పిల్లాడి చేతిలోంచి లాప్‌టాప్ లాక్కుని ప్రోగ్రాం మొత్తం రాసేశాడు. బండి చక్కగా నడిచింది. పిల్లాడు లేచి క్రికెట్‌కి పోయాడు. మర్నాడు నేను ఆ ప్రోగ్రాం తీసిపారేశాను. అప్పట్నుంచి మా ఇంట్లో రూలేంటంటే, లాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు పక్కవాడు చెప్పిందే కొట్టాలి, సొంత తెలివి పనికిరాదు. ఆఫీసుల్లో పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారే, ఇంచుమించు అదే. మావాడు పళ్ళు బిగబట్టుకుని కూర్చుంటాడు, చూడాలి ఆ ముఖం!

బండి గోడ దగ్గర బుద్ధిగా ఆగేది, మా ఆవిడ చీర కుచ్చిళ్ళని మాత్రం గుద్దేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మనవడు అడుగుతుంటే మా ఆవిడ స్టీలు పళ్ళెం, దిండు, పప్పు డబ్బా, తువ్వాలు ఒక్కొక్కటే తెచ్చి బండి ముందు పట్టింది. పళ్ళానికి ఆగింది, డబ్బాకి ఆగింది, దిండుని తోసుకుంటూ పోయింది. "మెత్తగా ఉంటే దీనికి ఆనట్లేదురా" అని మొదట పట్టుకున్నది ఆవిడే. ఆ సెన్సర్ పంపే శబ్దం గట్టివాటికి తగిలి తిరిగొస్తుంది, గుడ్డలో ఇంకిపోతుంది. మీ అత్తయ్యని సీరియల్ దగ్గర్నుంచి లేపాలంటే ఇలాంటి పనేదో అప్పజెప్పండి.

కూకట్‌పల్లి అమ్మ:
బాబాయ్ గారూ, ఇది చదివి మా ఆయన "నా గురించి ఆయనకెవరు చెప్పారు?" అన్నారు! మరి పాప సంగతో? వైర్ల దగ్గర కూర్చోబెట్టలేను.

నల్లకుంట టీచర్:
పాపకి వాళ్ళ నాన్నే రోబో. కళ్ళకు గంతలు కట్టి హాల్లో నిలబెట్టండి. 'రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు' అని పాప చెప్పాలి. 'వంటింట్లోకి వెళ్ళు' అంటే కదలకూడదు, అది రోబోకి తెలీదు. 'చేతికి గోడ తగిలేదాకా నడువు' అని తనంతట తానే అందంటే లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం, వచ్చేసినట్టే. దారిలో టీపాయ్ తీసేయడం మరవకండి.

కుషాయిగూడ తాతయ్య:
బాగా చెప్పారు టీచరమ్మా. కూకట్‌పల్లి నుంచైతే ఎల్బీ నగర్ వైపు మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగండి, కోఠి అదే. ఆదివారాన్ని నమ్ముకోకండి, శనివారం పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. కొట్లో మోటార్లు తిప్పించి చూశాకే డబ్బులివ్వండి.